పెన్న మీద వేసిన నింద

మా వియ్యంకుడు పోయాడు. కబురు ధర్మవరం నుంచి తెల్లవారుతూనే వచ్చింది. హిందూపురంలో మా ఇంట్లో నేను మగ్గం గుంతలోకి దిగి, పేక పోగును అటూ ఇటూ తోసే నాడె అప్పుడే చేతికి తీసుకున్నాను. మా పెద్దకోడలు ఆయన కూతురే. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. నా ముందుకు వచ్చి నిలబడి, "నాయన పోయినాడంట మామా," అంది. ఏడవలేదు. నేను నాడె కింద పెట్టాను.

అంతటి మనిషి పోయాడంటే ముందు దుఃఖం రావాలి. నాకు ముందు సిగ్గు వచ్చింది. అంతకు వారం ముందే ఆయన మంచం పక్కన కూర్చుని ఒక అబద్ధం చెప్పి వచ్చాను. మళ్ళీ పోయినప్పుడు సరిచేద్దాంలే అనుకున్నాను. ఆ మళ్ళీ లేకుండా పోయింది.

నేను చదివింది మూడో తరగతి. అది కూడా సగం. నేను రాసిందాన్ని మనవరాలు కూర్చుని అక్షరాలు దిద్దింది. మాటలు మాత్రం ముట్టుకోవద్దన్నాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఈ ఒక్క విషయంలో చేతనైనా చెప్పకూడదు.

ఆయన్ను మొదట చూసింది పిల్లను చూడడానికి ధర్మవరం పోయినప్పుడు. పిల్ల తండ్రి అంటే ఎన్ని మగ్గాలున్నాయి, ఇల్లు సొంతమా బాడుగా, అబ్బాయికి తాగుడు అలవాటుందా, ఇవి అడుగుతాడు. నేను జవాబులన్నీ సిద్ధం చేసుకుని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. ఆయన నా చేతికి నీళ్ళ చెంబు ఇచ్చి, "మీ ఊర్లో ఏ ఏటి నీళ్ళు తాగుతారన్నా?" అన్నాడు.

"కొళాయి నీళ్ళు," అన్నాను.

"కొళాయిలోకి యాడనుంచి వస్తాయప్పా?"

"మున్సిపాలిటీ నుంచి."

లోపల ఆడవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. "పెన్న పక్కన పుట్టి పెన్న పేరు చెప్పేదానికి అంత కష్టమైతే ఎట్లప్పా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మగపిల్లవాడి తండ్రిని. ఆ ఇంట్లో నాకు పరీక్ష పెట్టేవాడెవడు అనుకున్నాను. అయినా పిల్ల నచ్చింది. సంబంధం కుదిరింది. నిజం చెప్పాలంటే అంతకు ముందు పెన్న ఉందో లేదో కూడా నాకు పట్టేది కాదు. బస్సులో వంతెన దాటేటప్పుడు కిటికీలోనుంచి తొంగి చూసిన పాపాన పోలేదు. ఆ మనిషి ముందర మాట పడినాక పెన్న నాదైపోయింది. ఎవరు ఏమన్నా ఊరుకునేవాణ్ణి కాదు.

ఆయనది చిత్రావతి. ఆ ఏటి దారి చెప్పమంటే వంశం చెప్పినట్టు చెప్పేవాడు. నంది కొండల్లో పుట్టింది, బాగేపల్లి మీదుగా కర్ణాటక ఊర్లు దాటింది, కొడికొండ దగ్గర మన నేల తొక్కింది, గోరంట్ల పక్కగా నడిచింది, పుట్టపర్తి దాటి బుక్కపట్నం చెరువు నింపింది, అక్కడినుంచి ధర్మవరం వచ్చింది. ప్రతి ఊరికీ ఆయన దగ్గర ఒక మాట ఉండేది. బుక్కపట్నం చెరువును మేనత్త అనేవాడు. "ఆయమ్మ కడుపు నిండినాకనే మాకు ముద్ద పడేది. అడిగితే కోపం, అడక్కపోతే ఆకలి," అనేవాడు. ఎండిపోయిన ఏట్లోకి దిగేటప్పుడు కూడా చెప్పులు గట్టు మీద విడిచి దిగేవాడు. ఇసుక కాలుతూ ఉంటే ఎగిరెగిరి నడిచేవాడు కానీ చెప్పులు వేసుకునేవాడు కాదు. "నీళ్ళు లేవని మర్యాద తగ్గిస్తామా? మనకు జుట్టు ఊడిపోయిందని ఎవురన్నా తల తీసేస్తాండారా?" అనేవాడు. ఆ రెండోది నా బట్టతల మీద.

పట్టు ఉడకబెట్టి జిగురు తీసినాక ఉతకాలి. ఉప్పనీళ్ళలో ఉతికితే పట్టు మెరుపు చస్తుంది. ఆయన వయసులో ఉన్నప్పుడు వాళ్ళ వీధివాళ్ళు చిత్రావతి ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన తేటనీళ్ళలో పట్టు జాడించేవాళ్ళంట. గట్టు పొడుగునా ఎరుపూ పసుపూ ఆకుపచ్చా పోగులు ఆరేసి ఉండేవంట. బోరుబావులు వచ్చినాక అది పోయింది. ఆయన మాత్రం ఎవరి పెళ్ళికైనా మనసుపెట్టి నేసే చీర ఉంటే చెలమ తవ్వేవాడు. ఎంత లోతుకు పోయినా నీళ్ళు ఊరని ఏడు కూడా ఒక చేటెడు తడి ఇసుక తెచ్చి మగ్గం గుంతలో పరిచేవాడు. పోగు తెగదని చెప్పేవాడు. పోగు కోసమో, కాళ్ళకు ఆ ఇసుక తగలడం కోసమో, నేనైతే అడగలేదు.

పెళ్ళి విందులో నేను ఒక మాట విసిరాను. చిత్రావతి కడప జిల్లాలోకి పోయి గండికోట దాపున పెన్నలో కలుస్తుందని ఎవరో చెప్పగా విన్నాను. విస్తరి ముందర, అందరూ వింటుండగా, "మీ ఏరు ఎన్ని ఊర్లు తిరిగినా కడాకు మా ఏట్లో పడాల్సిందే బావా," అన్నాను. మా వైపువాళ్ళు గొల్లున నవ్వారు. ఆడపెళ్ళివాళ్ళ ముఖాలు చిన్నబోయాయి. ఆయన నా విస్తట్లో ఇంకో ఓళిగ వేసి, పైన నెయ్యి పోసి, "నిజమే బావా. మీ ఏరు ఆడికి వచ్చేపొద్దుకు అలిసిపోయి ఉంటాది. మా బిడ్డ పోయి చెయ్యి పట్టుకుంటాది," అన్నాడు.

నేను ఓళిగ తుంచి నోట్లో పెట్టుకున్నాను. 

ఆ ఏడు చిత్రావతికి నీళ్ళు వచ్చాయి. ఆయన ఒక ఇత్తడి బిందె నిండా ఎర్రటి కొత్తనీళ్ళు పట్టి, మూతికి గుడ్డ కట్టి, పాసింజర్ బండి ఎక్కి హిందూపురం తెచ్చాడు. పుట్టింటినుంచి బిడ్డకు చీరా పసుపూ కుంకుమా వస్తాయి. ఏరు వచ్చినప్పుడు ఏటి నీళ్ళు ఎందుకు రాకూడదని ఆయన లెక్క. కోడలు ఆ నీళ్ళు కళ్ళకద్దుకుని, గడపకు చల్లి, మిగిలింది కరివేపాకు చెట్టుకు పోసింది. అది మొదలు అదే ఆచారమైపోయింది. ఆ బిందె కథ రైల్లో అందరికీ తెలుసు. పెనుకొండలో ఎక్కే పూలమ్మి ఒకామె ప్రతిసారీ, "ఏమప్పా, ఏటిని హిందూపురంలో అమ్ముకుంటాండావా? గిరాకీ ఉండాదా?" అని అడిగేదంట. "ఉద్దెరకు ఇచ్చేదానికి పోతాండా. మా వియ్యంకుడు నీళ్ళకు కూడా ఉద్దెరే పెడతాడు," అనేవాడంట. అది నాకు ఆయనే వచ్చి చెప్పి నవ్వేవాడు.

ఇక పెన్న వచ్చినప్పుడు ఆ నీళ్ళు నేను ధర్మవరం పట్టుకుపోవాలి. అది న్యాయం. నేను పోలేదు. ఆడపెళ్ళివాళ్ళు మోసుకొస్తారు, మగపెళ్ళివాళ్ళు తీసుకుంటారు. మా తాత అంతే, మా నాయన అంతే. నేను బిందె నెత్తిన పెట్టుకుని కోడలి పుట్టింటి వీధిలో నడిస్తే మా వాళ్ళ ముందర తల ఎక్కడ పెట్టుకోవాలి? ఆయన ఒక్కసారి కూడా ఎందుకు తేలేదని అడగలేదు. పెన్న వచ్చిందని కూతురు ఫోను చేస్తే ఖాళీ బిందె పట్టుకుని ఆయనే వచ్చేవాడు. నన్ను ఆటోలో ఎక్కించుకుని వంతెన దగ్గరికి తీసుకుపోయేవాడు. నేను గట్టు మీద నిలబడి అది మా ఇంటి ఆస్తి అయినట్టు చెయ్యి చాపి చూపించేవాణ్ణి. ఆయన మోకాలి లోతుకు దిగి బిందె ముంచుకునేవాడు. "మీ పెన్నది నడకే వేరు బావా. పెద్దింటి కోడలి మాదిరి పోతాది," అనేవాడు. నేను మీసం తిప్పేవాణ్ణి.

ఈ ఏడు ఆయన మంచం పట్టాడు. ఆసుపత్రిలో చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అదే వారంలో పైన వానలు పడి పెన్న వచ్చింది. కోడలు నా దగ్గరికి వచ్చింది.

"నాయన అడుగుతాండాడు మామా. ఈ సారి పెన్న నీళ్ళు మీరు తెస్తారా అని."

"మీ ఆయన్ని పంపుదాం."

"మీరే తేవాలంట."

నేను లేచి మగ్గం గుంతలోకి దిగాను. ఆమె మళ్ళీ అడగలేదు. ఒక రోజంతా ఆ మాట మింగలేక, కక్కలేక తిరిగాను. మర్నాడు పోదామనుకున్నాను. కానీ బిందె తీసుకోలేదు. బిందె పట్టుకుంటే రైల్లో నలుగురు చూస్తారు. ఆ పూలమ్మి నోరు ఊరుకోదు. పెరట్లో శెనక్కాయ నూనె తెచ్చిన ఖాళీ క్యాను ఒకటి పడి ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తీసుకుని, నీళ్ళు పోసి కుదిపి పారబోసి, అదే కడగడం అనుకున్నాను. వంతెన దగ్గర దాన్ని నింపాను. నీళ్ళు ఎర్రగా, మంచిగా పారుతున్నాయి. క్యానును గుడ్డసంచిలో పెట్టి పైన రెండు చీరలు మడతపెట్టి కప్పాను. అడిగితే చీరలు చూపించడానికి పోతున్నానని చెప్పొచ్చు. ఎవరూ అడగలేదు.

ధర్మవరంలో వాళ్ళ వాకిట్లోకి పోయేసరికి మా వియ్యపురాలు చింతపండుతో తోమిన ఇత్తడి బిందె సిద్ధం చేసి పెట్టింది. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంది. నేను తెస్తానని కోడలు ఎట్లా కనిపెట్టిందో, ముందే ఫోను చేసింది. ఇరుగుపొరుగు నలుగురైదుగురు వచ్చి కూర్చున్నారు. ఆయన మంచం మగ్గం పక్కనే వేశారు. నన్ను చూసి లేవబోయాడు, కాలేదు. "ఎత్తుకొస్తివా బావా," అన్నాడు. ఆ ముఖం నేను చెప్పలేను. ఆ ముఖం చూసినాక సంచిలోనుంచి చీరలు తీసి, ప్లాస్టిక్ క్యాను బయటికి తీయాల్సి వచ్చింది.

బిందెలో పోశాను. పైన జిడ్డు తేలింది. కంపు గది అంతా పట్టింది. పాతబడిన నూనె కంపు.

కూర్చున్నవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఆయనే అన్నాడు. "ఏం బావా, పెన్న గట్టున మిరపకాయ బజ్జీలు ఏస్తాండారా?"

అందరూ నవ్వారు. ఆ మాట ఆయన నాకోసమే వేశాడో, ఊరికే వేశాడో తెలియదు. అప్పుడు నేను కూడా నవ్వి, నూనె క్యానులో తెచ్చాను బావా అంటే అయిపోయేది. రెండు తిట్లు తిని, నవ్వించి, టీ తాగి వచ్చేవాణ్ణి. అందరూ నా వైపే చూస్తున్నారు. బిందె ఎందుకు తేలేదని ఎవరో ఒకరు అడుగుతారు. దానికి నా దగ్గర చెప్పుకునే జవాబు లేదు.

"ఏం చేస్తాం బావా. పైన నూనె మిల్లులు పెట్టినారు. కడిగిన నీళ్ళన్నీ ఏట్లోకే. పెన్న ముందరి మాదిరి లేదు," అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఎప్పటినుంచి?"

"రెండు మూడేండ్లాయె."

అబద్ధానికి వయసు కూడా నేనే కట్టాను.

"నాకు చెప్పకపోతివే. పోయిన తూరి నేను తెచ్చుకున్నప్పుడు బాగుండె కదా."

"అప్పుడు తెలిసేది కాదులే."

ఆయన బిందెలో వేళ్ళు ముంచి, ఆ జిడ్డు నీళ్ళే కళ్ళకు అద్దుకున్నాడు. తుడుచుకోలేదు.  తర్వాత చాలా మెల్లగా, "పెన్న పొయ్యిందంటే మా బిడ్డ యాడికి పోవాల బావా," అన్నాడు. చిత్రావతి గురించి.  చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడే వియ్యపురాలు టీ తెచ్చింది. టీ తీసుకున్నాను. బండికి టైమైందని లేచాను.

అదే ఆఖరు.

ఆయన పోయిన కబురు విని కోడల్నీ కొడుకునీ తీసుకుని ధర్మవరం చేరాను. కట్టెలు కాలినాయి. కార్యాలు మొదలైనాయి. మూడో నాడు ఎముకలు ఏట్లో కలపడానికి పోవాలి. పోయేముందు మగవాళ్ళం అరుగు మీద కూర్చున్నాం. పక్కింటి రంగులద్దే ఆయన నా పక్కకు జరిగి, నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"మీ పెన్నకు అట్లాంటి గతి పట్టిందంటనే అన్నా. పాపం, ఈయన చూడొచ్చిన ప్రతి మనిషికీ అదే చెప్పినాడు. ఆఖరి దినాల్లో ఇంక వేరే మాట లేదు. తన నొప్పి గురించి కూడా చెప్పలే."

ఇంకొక పెద్దాయన అందుకున్నాడు. "మా చెల్లెలు పెన్న పక్కన రొద్దంలో ఉండాది. పశువులకు ఆ నీళ్ళు తాపొద్దని ఫోన్ చేసి చెప్పినా. కరెంటు పోయినా బోరు నీళ్ళకే కాచుకోండి అంటి."

నేను తల ఊపాను. ఊపినాక నా తల నాకే బరువైంది. బతికినన్నాళ్ళూ పెన్న నాదని మీసం తిప్పిన వాణ్ణి. ఎక్కడో పెన్న గట్టున పశువులు దాహంతో తాడు లాక్కుంటుంటే, దానికి కారణం నా నోరు. ఇక్కడ ఒక మనిషి నా మాట నమ్మి, ఆ మాట మీదనే కళ్ళు మూసుకున్నాడు.

"పెన్నకు ఏం కాలేదప్పా," అన్నాను.

"ఏమంటివి?"

"పెన్న బాగుండాది. క్యాను మాది. శెనక్కాయ నూనెది."

ఎవరికీ ఒక్క క్షణం అర్థం కాలేదు. రంగులాయన, "మీ ఇంట్లో బిందె లేదా?" అని అడిగాడు.

"ఉండాది."

"మరి క్యాన్లో యాలప్పా?"

"బిందె మోస్తే రైల్లో నలుగురు చూస్తారని."

ఎవరో వెనకనుంచి, "చూస్తే? మగపెండ్లోళ్ళ తల తెగి రైల్లో దొర్లుతాదా?" అన్నారు. ఒకరిద్దరు నవ్వి, చావింట్లో నవ్వకూడదని గుర్తొచ్చి ఆపుకున్నారు. నాకు కోపం రాలేదు. ఆ పెద్దాయన మాత్రం నా వైపు చూడకుండా ఫోను తీసి, రొద్దం చెల్లెలికి చేసి, "నీళ్ళు తాపండి, ఏం లేదంట," అని పెట్టేశాడు. ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో ఆమెకు చెప్పలేదు. ఆ దయ నాకు దెబ్బలా తగిలింది.

వియ్యపురాలు లోపల తలుపు చాటున కూర్చుని అంతా వింది. ఆమె నన్ను ఎప్పుడూ గట్టిగా ఒక మాట అన్న మనిషి కాదు. ఆ రోజు కూడా గట్టిగా అనలేదు.

"ఆ మాట ఆ పొద్దే చెప్పింటే ఆయన నవ్వుకుంటా పోయుండునే అన్నా," అంది.

కోడలు ఆమె పక్కనే ఉంది. తల ఎత్తలేదు. క్షమించమని అడగడానికి నాకు మొదట నోరు రాలేదు. తర్వాత వచ్చింది. వచ్చినప్పటికి అందరూ ఏటికి పోవడానికి లేచారు.

చిత్రావతిలో వాన నీళ్ళు సన్నగా ఒక పక్కగా పారుతున్నాయి. గట్టు దగ్గర ఇసుక తవ్వుకుపోయిన గుంతల్లో నీళ్ళు నిలబడి ఉన్నాయి. ఆడవాళ్ళు రాకూడదని ఎవరో అన్నా వినకుండా కోడలు వచ్చింది. వియ్యంకుడి కొడుకు కుండలోని ఎముకలూ బూడిదా పారే నీళ్ళలో వదలబోయాడు. కాలు జారింది. సగం పారే నీళ్ళలో పడింది, సగం పక్కనున్న గుంతలో పడింది. పారే నీళ్ళలో పడింది పోయింది. గుంతలో పడింది అక్కడే బూడిద రంగు తెట్టులా నిలబడిపోయింది. పురోహితుడు ఫరవాలేదు, అంతా నీళ్ళే కదా అన్నాడు. అందరూ స్నానాలకు కొంచెం ఎగువకు నడిచారు.

కోడలు కదల్లేదు. వంగి, గుంతకూ పారే నీళ్ళకూ మధ్యనున్న ఇసుకను చేత్తో తోడడం మొదలుపెట్టింది. నేను చెప్పులు విడిచి దిగాను. మోకాళ్ళు వంగవు. అందుకని నీళ్ళలోనే కూలబడ్డాను. ఆమె ఆ వైపునుంచి, నేను ఈ వైపునుంచి. ఇసుక తోడిన కొద్దీ పక్కనుంచి జారి పూడిపోతూనే ఉంది. "ఇంక లోతుకు తియ్యి మామా," అంది. ఆ రోజు ఆమె నాతో అన్న మొదటి మాట అది. లోతుకు తీశాను. గోళ్ళలోకి ఇసుక ఎక్కింది. కడాకు రెండు చేతులూ కలిసేంత సందు పడింది. గుంతలో నీళ్ళు కదిలాయి. బూడిద ఒక పక్కకు సాగి, సన్నగా అయి, ఆ సందులోకి వంగి, నా వేళ్ళను ఒరుసుకుంటూ బయటికి పోసాగింది. నేను చెయ్యి తీయలేదు. తీస్తే ఇసుక పూడిపోతుంది.